బలిసిన పెట్ట ఉన్నట్టుండి చస్తే

పొద్దున గుడ్డు పెట్టిన పెట్ట మధ్యాహ్నానికి చచ్చిపడుంటే ముందు పామునో, కోళ్లకు అంటుకునే కొక్కెర రోగాన్నో అనుమానిస్తాం. కొక్కెర ఒక్కదానితో ఆగదు. పచ్చటి పారుడు, మెడ వంకర కనిపిస్తాయి. మా దేవరకొండ దిక్కు ఎండాకాలంలో ఇట్లా పోయినవి బలిసిన పెట్టలే. పశువుల దవాఖానలో కోయిస్తే కడుపులో నెత్తురు గడ్డ, పొట్ట నిండా కొవ్వు. కాలేయం పసుపుపచ్చగా ఉబ్బి, వేలు పెడితే చితికిపోయింది. కొవ్వు పట్టిన కాలేయం పగిలి లోపలే నెత్తురు కారుతుంది. బయటికి ఏమీ తెలియదు, మహా అయితే నెత్తి మీది ఎర్ర జుట్టు పాలిపోతుంది.

కారణం మేతే. నూకలు, మక్కలు, మిగిలిన అన్నం, పైగా తిరుగుడు లేదు.

పెట్టకు రోజుకు సుమారు 100 గ్రాముల లేయర్ దాణాకు (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) మార్చాను. అందులో మాంసకృత్తులు 16 శాతానికి తగ్గొద్దు. గింజలు సాయంత్రం పదేసి గ్రాములే. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో, మునగాకు, తోటకూర ఎంత తింటే అంత. మేత వారం పట్టి మెల్లగా మార్చాలి, ఒక్కసారే తగ్గిస్తే గుడ్లు ఆగుతాయి. రొమ్ము ఎముక చేతికి తగలకపోతే ఇంకా బలిసే ఉన్నట్టు.

బూజు పట్టిన మక్కలు, పల్లిచెక్క అసలే వద్దు, ఆ బూజు విషమూ కాలేయాన్నే తింటుంది. పెంటకుప్ప మీద పోస్తే మళ్లీ కోళ్లే ఏరుకుంటాయి, పూడ్చేయండి.