పాడైన ఫ్యానుతో క్లాసు దారికొచ్చింది

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతాను. పదో తరగతి తర్వాత ఇంకెక్కడా సీటు రాక చేరినవాళ్లే మా క్లాసులో ఎక్కువ. పాఠం చెబుతుంటే తలొంచుకుని ఫోన్లు చూసుకునేవారు. సూత్రాలు కాసేపు ఆపి, ఇంట్లో పాడైన వస్తువేదైనా తెమ్మన్నాను.

గుయ్‌మనడమే తప్ప తిరగని సీలింగ్ ఫ్యాన్ ఒకటి వచ్చింది. చేత్తో తిప్పితే మెల్లగా కదులుతోంది. కరెంటు తీయించి, మోటారు తిరగడం మొదలవడానికి తోడ్పడే చిన్న డబ్బా, అంటే పాత కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయించి (అందులో మిగిలిన ఛార్జ్ పోగొట్టించి), 2.5 మైక్రోఫారడ్‌ది కొత్తది వాళ్లచేతే వేయించాను. ఫ్యాను జోరుగా తిరిగింది. ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు "సార్, ఇంత చిన్న డబ్బా పోతే అంత ఫ్యానూ ఎందుకాగింది?" అన్నాడు. స్టార్టింగ్ వైండింగ్ (మోటారును కదలించే తీగచుట్ట) పాఠం అక్కడే మొదలుపెట్టాను. మార్కుల మాట ఎన్నిసార్లు ఎత్తినా రాని శ్రద్ధ ఇది!

థియరీ తగ్గించలేదు, పరీక్ష రాయాలి కదా. వస్తువు విప్పాకే పుస్తకం తెరుస్తున్నాం. ఇప్పుడు మిక్సీ కార్బన్ బ్రష్‌లు, ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్ నడుస్తున్నాయి.