తొలకరికి ముందు పాత ట్రాక్టరు: సెల్ఫ్ దగ్గర చేయి పెట్టేముందు జాగ్రత్తలు

వేసవంతా షెడ్డులో కదలకుండా ఉన్న ట్రాక్టరు మృగశిర కార్తెలో తొలి వాన పడగానే ఒక్కసారి కీ తిప్పితే లేవాలని అందరం ఆశపడతాం. పాతబండి సరిగ్గా ఆ రోజే మొరాయిస్తుంది. పక్క చేలో దుక్కి నడుస్తుంటుంది, మన గుండెల్లో టెన్షన్ పెరుగుతుంటుంది. చేయకూడని పనులు చేసేది అప్పుడే. అందుకని ఈ చెకింగ్ వానకు రెండు వారాల ముందే, తీరిక ఉన్న పూట పెట్టుకోండి.

ముందు ప్రాణం సంగతి. సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను తిప్పి లేపే మోటారు, తిరగకపోతే నేల మీద నిలబడి, సెల్ఫ్ మోటారు బోల్టులకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేయడం చాలా ఊళ్లలో చూస్తాం. దయచేసి మానేయండి. అలా చేస్తే కరెంటు కీని, బండి గేర్లో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వని న్యూట్రల్ స్విచ్‌ను తప్పించుకుని నేరుగా మోటారుకు పోతుంది. బండి గేర్లో ఉన్నా ఇంజిన్ అందుకుని కదిలిపోతుంది. అప్పుడు మనం నిలబడి ఉండేది పెద్ద చక్రం ముందు.

మా చిన్నాన్న బండికి న్యూట్రల్ స్విచ్ పాడైతే ఒక మెకానిక్ ఆ రెండు వైర్లూ కలిపి, టేపు చుట్టి ఇచ్చాడు. ఏడాదిపాటు ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు పొద్దున్నే ఆయన కిందినుంచే చేయి చాపి కీ తిప్పాడు. బండి రెండో గేర్లో ఉంది. ఒక్క ఊపున ముందుకొచ్చి కొట్టం గోడకు గుద్దుకుని ఆగింది. ఆయన పంచె అంచు టైరు కింద ఇరుక్కుంది, కాలు జానెడు దూరంలో ఉంది. చిరిగిన ఆ పంచె చేత్తో పట్టుకుని మా పిన్ని అరుగు మీద కూలబడిపోవడం నేను మరచిపోలేదు. మీ బండిలో అలాంటి టేపు చుట్టిన వైర్లు ఉన్నాయేమో ఈ వారమే చూడండి.

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కల్టివేటరో రోటావేటరో తగిలించి ఉంటే నేలకు దించండి. ఇంజిన్‌కు డీజిల్ ఆపేసే స్టాపర్ బయటికి లాగి ఉంచండి. అయినా సెల్ఫ్ మోటారు ఒక్కటే బండిని గెంతించగలదు కాబట్టి రాళ్లు మానొద్దు. పంచె, తువ్వాలు ఫ్యాన్ బెల్టు దగ్గర వేలాడకూడదు. పిల్లల్ని దూరంగా పంపేయండి.

బ్యాటరీ దగ్గరికి వెళ్లేముందు ఉంగరం, కడియం తీసేయండి. పానాకూ బాడీకీ మధ్య ఉంగరం పడితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టేస్తుంది. బీడీ, సిగరెట్ వద్దు. చార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీనుంచి వచ్చే హైడ్రోజన్ నిప్పురవ్వకే పేలుతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. టెర్మినల్స్‌కు పట్టిన తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక గట్టిగా బిగించి వ్యాసలీన్ రాయండి. బ్యాటరీలో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఆసిడ్ కాదు.

మీటరు ఉంటే చూడండి: నిండా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 కన్నా తక్కువ ఉంటే చార్జింగ్‌కు పెట్టండి. మీటరు లేకపోతే హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టండి. లైటు బాగా మసకబారి 'టక్' మని చప్పుడు మాత్రమే వస్తే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ లూజుగా ఉంది. లైటు తగ్గకుండా, చప్పుడే లేకపోతే కీ, న్యూట్రల్ స్విచ్, మధ్యలో వైరు చూడాలి. నాకు ఎక్కువసార్లు దొరికిన తప్పు మాత్రం బ్యాటరీ మైనస్‌ను బండి ఇనుముకు కలిపే ఎర్త్ వైరు. దాన్ని బిగించిన చోట రంగు, తుప్పు ఉంటే గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేయండి. వేసవిలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఉంటాయి, డాష్‌బోర్డు కింద టార్చి వేసి వెతకండి.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని తిట్టుకోవద్దు. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్ స్పార్కు ఉండదు. నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలో డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. స్టాపర్ బయటికి లాగే ఉందా, ట్యాంకులో డీజిల్ ఉందా, పైపుల్లో గాలి పట్టిందా చూడండి. గాలి తీసేటప్పుడు ఇంజెక్టర్ దగ్గర చిమ్మే డీజిల్‌కు చేయి అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎయిర్ క్లీనర్‌లో పెట్రోలు పోసి లేపడం మరీ ప్రమాదం.

వేరే బండి బ్యాటరీతో లేపాల్సి వస్తే ముందు అది 12 వోల్టులదో కాదో అడగండి, చాలా లారీలకు 24 వోల్టులు ఉంటాయి. ఎర్ర వైరు ప్లస్‌కు ప్లస్. నల్ల వైరు ఒక చివర ఆ బండి బ్యాటరీ మైనస్‌కు, రెండో చివర మన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ ఇనుముకు తగిలించండి. దిబ్బ మీదనుంచి దొర్లించి స్టార్ట్ చేసే అలవాటు ఉంటే, కింద కాలవ, మనిషి, గేదె ఏదుందో ఆలోచించండి. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టొద్దు. మధ్యలో నిమిషమైనా ఆగండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష. రాళ్లు తీయకుండా, స్టాపర్ లాగే ఉంచి, సీట్లో కూర్చుని, క్లచ్, బ్రేకు పూర్తిగా తొక్కి, గేరు వేసి కీ తిప్పండి. న్యూట్రల్ స్విచ్ ఉన్న బండికి సెల్ఫ్ తిరగకూడదు. స్విచ్ క్లచ్ దగ్గర ఉన్న బండి అయితే న్యూట్రల్‌లో, క్లచ్ తొక్కకుండా తిప్పి చూడండి. ఎలా చూసినా తిరుగుతోందంటే, దుక్కి ఒకరోజు ఆలస్యమైనా సరే, కొత్త స్విచ్ వేయించాకే బండి బయటికి తీయండి.