షుగరు పుస్తకంలో నాలుగో గడి: దీర్ఘరోగంలో మనసునూ భక్తినీ మందుల వెంట నడిపించడం ఎలా?

విజయవాడ వన్‌టౌన్‌లో ఉండే మా పెద్దమ్మకు పదకొండేళ్లుగా షుగరు. ఒక రూళ్ల పుస్తకంలో మూడు గడులు గీసుకుంది: తేదీ, పరగడుపు లెక్క, తిన్నాక లెక్క. నిరుడు దసరా వెళ్లాక పరగడుపు లెక్క 130 నుంచి 190కి ఎక్కి మూడు వారాలు అక్కడే కూర్చుంది. మందు మారలేదు, తిండి మారలేదు. పండుగ మిఠాయిలు ఏమైనా నోట్లో వేసుకున్నావా అని అడిగితే నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. తీరా ఆరా తీస్తే, ఆ రోజుల్లోనే కొడుకు వేరు కాపురం మాట ఎత్తాడు. ఈవిడ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది. రాత్రి మాత్ర వేసుకున్నదీ లేనిదీ తెల్లారేసరికి గుర్తుండటం లేదు. ఇదంతా రాయడానికి పుస్తకంలో గడి లేదు.

ముందు ఆ గడి గీయండి

రోజూ పడుకునే ముందు మూడు ముక్కలు రాయండి. నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, దిగులు సున్నా నుంచి పదిలో ఎంత, ఈరోజు మనసుకు తగిలిన సంగతి ఏమిటి. రెండు వారాలు రాస్తే చాలు, అంకెల పక్కన సంగతులు వాటంతటవే కనిపిస్తాయి. బెంగపడినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతుంది. వాటి వల్ల కాలేయం తన దగ్గర దాచిన చక్కెరను రక్తంలోకి పంపుతుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ ఎక్కుతుంది. షుగరు, బీపీ ఉన్నవారికి దిగులు లెక్కలో కనిపించేది ఇందుకే.

అలాగని ప్రతి పెరుగుదలకూ మనసు మీద నెపం వేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మన మే నెల ఎండలకు ఇన్సులిన్ పాడైనా అంకె ఇలాగే ఎక్కుతుంది. డాక్టరు అవన్నీ చూడాల్సిందే.

దిగులా, జబ్బా? రెండు ప్రశ్నలు

గత రెండు వారాల్లో చాలా రోజులు మనసు కుంగిపోయి, ఆశ లేనట్టు అనిపించిందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? వైద్యులు మొదటి వడపోతగా అడిగే ప్రశ్నలు ఇవే. ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చెప్పాలి. షుగరు ఉన్నవారిలో కుంగుబాటు మిగతావారికంటే సుమారు రెట్టింపు. మనోవ్యాధికి మందు లేదని మనకొక సామెత ఉంది కానీ, ఆ సామెత పుట్టిన రోజులు వేరు. ఇప్పుడు మందులూ ఉన్నాయి, మాటలతో నయం చేసే పద్ధతులూ ఉన్నాయి. బయటికి వెళ్లడానికి మొహమాటమైతే 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాల లెక్కతో పని లేదు, ఆ గంటలోనే ఫోను చేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి.

"ఏ జన్మలో చేసుకున్న పాపమో" అన్న మాటను పట్టుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. పరామర్శకు వచ్చిన చుట్టం కాఫీ తాగుతూ ఈ మాట అనేసి తన దారిన వెళ్లిపోతుంది. రోగి ఆ మాటను రాత్రంతా మోస్తుంది. భక్తి అందరికీ ఒకేలా పనిచేయదు. దేవుడు తోడున్నాడని నమ్మేవారికి అది చేయూత. దేవుడు శిక్షిస్తున్నాడని, వదిలేశాడని నమ్మేవారికి గోరుచుట్టు మీద రోకటిపోటు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం 55 ఏళ్లు దాటిన ఆస్పత్రి రోగులు 596 మందిని రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రకటించింది. దేవుడు తమను విడిచిపెట్టాడని, తమను ప్రేమించడం లేదేమోనని మథనపడినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. మథనమే చంపిందని దీని అర్థం కాదు, తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదని మాత్రం తెలుస్తుంది.

ఆ మాట మనసులో తిరుగుతుంటే నాలుగో గడిలో ఉన్నదున్నట్టు రాయండి. రాశాక మీరు నమ్మే ఒకరి దగ్గర, పూజారి కావచ్చు, ఫాదరు కావచ్చు, చిన్ననాటి స్నేహితురాలు కావచ్చు, పైకి అనండి. ఎదుటివారు ఉపదేశం మొదలుపెడితే మనిషిని మార్చండి. ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం: "అన్నీ తిన్నావు, అందుకే వచ్చింది" అన్నది కూడా ఈ శాపం లాంటిదే, కాకపోతే ఇందులో పూర్వజన్మ బదులు మైసూర్‌పాక్ ఉంటుంది.

ఉపవాసం, దీక్ష, ప్రసాదం: ముందే మాట్లాడుకోండి

మంగళగిరి పానకాల స్వామి సగం తాగి సగం భక్తుడికి వదులుతాడని ప్రతీతి. ఆ సగంలో ఉన్నది బెల్లం. షుగరు ఉన్న మనిషి వద్దనలేడు, గ్లాసుడు తాగనూ కూడదు. ఉద్ధరిణెడు తీర్థంలా పుచ్చుకుని మిగతాది పక్కవారికి ఇస్తే అపచారమేమీ లేదని నేననుకుంటాను. డయాలసిస్ చేయించుకునేవారు కొబ్బరినీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో పొటాషియం ఎక్కువ, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది.

కార్తీక సోమవారాలకైనా, రంజాన్ రోజాకైనా ముందే డాక్టరును కలవండి, రోజాకైతే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర లాంటివి వాడుతూ తిండి మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే, లేదా మీటరులో 70 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపేయాలి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోగులు ఆ రోజాలను తరువాత పూర్తి చేసుకోవచ్చన్న వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది.

భవానీ దీక్షలో ఒంటిపూట భోజనంతో పాటు మరో చిక్కు ఉంది, చెప్పులు లేని నడక. ఏళ్ల తరబడి షుగరు ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. రాయి గుచ్చుకున్నా, తారు రోడ్డు కాల్చినా తెలియదు. పుండు పడ్డాకే తెలుస్తుంది.

జపం చేసేవారు ఊపిరిని గమనించండి

ఇటలీ పరిశోధకులు 23 మంది చేత జపమాల ప్రార్థన, "ఓం మణి పద్మే హుం" మంత్రం చేయించి చూశారు. రెండింటికీ శ్వాస నిమిషానికి ఆరు సార్లకు నెమ్మదించింది, రక్తపోటును సర్దే నాడీ స్పందన మెరుగుపడింది. 2001లో అచ్చయిన ఆ ఫలితం ఆరోగ్యవంతులది, బీపీ మాత్రకు బదులు కాదు. గుణదల మాత కొండ మీద జపమాల తిప్పినా, ఇంట్లో లలితా నామాలు చదివినా, హడావుడిగా లెక్క పూర్తి చేయకుండా పది నిమిషాలు నిదానంగా చేయండి. తల తిరిగితే ఆపండి. మన కోసం ఇతరులు చేసే ప్రార్థన సంగతి వేరు. 2006లో ప్రచురించిన అధ్యయనంలో 1,802 మంది బైపాస్ రోగులను పరిశీలిస్తే, ముక్కూమొహం తెలియని వారి ప్రార్థన వల్ల ఇబ్బందులు తగ్గలేదు. కాబట్టి మందు మానేస్తేనే మహిమ పనిచేస్తుందని ఎవరు చెప్పినా, వారు ఏ రంగు వస్త్రాలు కట్టినా, లేచి వచ్చేయండి.

డాక్టరు గదిలో ఆ ఐదు నిమిషాలు

గంటన్నర వరుసలో కూర్చుని లోపలికి వెళ్లాక సగం మరచిపోతాం. అందుకని నాలుగు వరుసల చీటీ రాసుకోండి: నిద్ర, దిగులు, తప్పిన మాత్రలు, రాబోయే ఉపవాసం లేదా యాత్ర. నోటితో చెప్పడానికి సిగ్గుపడే సంగతులు కాగితం మీద తేలిగ్గా చేరతాయి. పెద్దమ్మ చీటీలో ఆఖరి వరుస "భవానీ దీక్ష, గిరిప్రదక్షిణ" అని ఉంది. డాక్టరమ్మ అది చదివి, కళ్లద్దాలు పైకి జరిపి, "చెప్పులు లేకుండానా, అమ్మా?" అంది. పెద్దమ్మ తలూపింది. డాక్టరమ్మ కుర్చీ దిగి కింద కూర్చుని, పాదాలు ఇలా పెట్టండి అంది.