పాత లెన్సుల పాఠాలు – 4: పేరు ఒకటే, లోపలి గాజు వేరు

గత పాఠంలో టార్చి వెలుగులో లెన్సు లోపలి బూజును, మసకను, ఎపర్చరు (కాంతిని లోపలికి వదిలే రంధ్రం) బ్లేడ్ల మీది నూనెను పట్టుకోవడం నేర్చుకున్నాం. ఆ పని చేతికి రాకపోతే ముందు అది పూర్తి చేసి రండి. బూజు పట్టిన ప్రతిని శుభ్రమైన ప్రతి పక్కన పెట్టి, ‘పాత డిజైను మెత్తగా తీస్తుంది’ అని తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు. అక్కడ ఓడింది డిజైను కాదు, బూజు.

ఈ పాఠానికి నమూనా నికాన్ వారి 105 మి.మీ., ఎఫ్ 2.5 నిక్కోర్. 1954లో రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం పుట్టింది. 1959లో ఎఫ్ మౌంటులోకి, అంటే నికాన్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు లెన్సు బిగించే అమరికలోకి, వచ్చింది. రూపం మార్చుకుంటూ 2005 దాకా తయారైంది. చూడటానికి ఐదారు రకాలుగా కనిపిస్తుంది గానీ, ఎఫ్ మౌంటులో గాజు పరంగా ఉన్నవి రెండే.

మొదటిది సోనార్ తరహా. జర్మనీలో బెర్టెలె రూపొందించిన పద్ధతి ఇది. ఇందులో ఐదు గాజుబిళ్లలు మూడు గుంపులుగా ఉంటాయి. 1971లో వచ్చిన రెండోది గాస్ తరహా. బిళ్లలు ఇందులోనూ ఐదే, గుంపులు మాత్రం నాలుగు. గుంపుల లెక్క ఎందుకంటారా? ప్రతి గుంపుకూ గాలి తగిలే ముఖాలు రెండు. సోనార్‌కు ఆరు ముఖాలు, గాస్‌కు ఎనిమిది. ప్రతి ముఖమూ కొంత కాంతిని వెనక్కి కొడుతుంది. అందుకే, ఆ ప్రతిఫలనాన్ని తగ్గించే కోటింగు ఒకే పొర ఉన్న రోజుల్లో కూడా సోనార్ కాంట్రాస్టు (వెలుగునీడల తేడా) నిలబెట్టుకుంది. మరి మార్చడం దేనికి? దగ్గరి దూరాల్లో సోనార్ పదును తగ్గుతుంది. పోర్ట్రెయిట్ లెన్సు పనిచేయవలసిందే ఆ దూరాల్లో కదా!

ఇక చిక్కు. 1971లో గాజు మారినా పైతొడుగు వెంటనే మారలేదు. ముందు అంచు మీద అదే ‘నిక్కోర్-పి’, అదే లోహపు రింగు. ఆ ‘పి’ అక్షరం ఐదు బిళ్లలకు గుర్తు కాబట్టి రెండింటికీ సరిపోయింది. నేను మోసపోయింది ఇక్కడే. ‘అరవైల నాటి సోనార్’ అని అమ్మినాయన చెప్పాడు. ఇంటికొచ్చి ఫోకస్ రింగు మీది దూరాల అంకెలు చూస్తే దగ్గరలో దగ్గర 1 మీటరు దాకా ఉన్నాయి. సోనార్ అయితే 1.2 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అది గాస్! అమ్మేవారి మాటకన్నా ఫోకస్ రింగు మీది అంకె నమ్మదగినది. ముందు అంచు మీద 10.5 సెం.మీ. అని చెక్కి ఉంటే మాత్రం అనుమానం అక్కర్లేదు, తప్పకుండా సోనారే.

ఆ తర్వాతి గుర్తులు తేలిక. 1973 ప్రాంతంలో ‘పి’ పక్కన ‘సి’ చేరింది. పలు పొరల కోటింగు వచ్చిందని దాని అర్థం. 1970ల మధ్యలో రబ్బరు రింగు వచ్చి ఆ అక్షరాలు పోయాయి. 1977లో ఏఐ వచ్చింది. ఈనాటి కృత్రిమ మేధకూ దీనికీ సంబంధం లేదు, ఎపర్చరు సంగతిని కెమెరాకు అందించే ఏర్పాటు అది. 1981 నాటి ఏఐ-ఎస్‌లో హుడ్ (పక్క వెలుతురును ఆపే గొట్టం) లోపలే ఇమిడి, ముందుకు జరుగుతుంది. అతి చిన్న ఎపర్చరు అంకె 22 నారింజ రంగులో ఉంటుంది. ఏఐకి ముందటి ప్రతిని, మార్పు చేయించకుండా, ఎఫ్‌ఎం2 లాంటి కెమెరాకు బిగించకండి. కెమెరా మౌంటు పక్కనున్న చిన్న మీట విరిగే ప్రమాదం ఉంది.

1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక ఫొటో ఈ ఏఐ-ఎస్ పనే, అంటే గాస్ పనే. ఆ ఫొటో మోజులో సోనార్ వెతికి కొనేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు చేతిపని. ఒక సోనార్, ఒక గాస్ సంపాదించండి. కొనక్కర్లేదు, మిత్రుల దగ్గర అరువు తెచ్చుకున్నా చాలు. రెండింటినీ ఒకే మిర్రర్‌లెస్ కెమెరాకు, ఒకే అడాప్టరుతో తగిలించండి. అడాప్టరు మారిస్తే దాని వంకర కూడా లెన్సు ఖాతాలో పడుతుంది. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టకండి, కదులుతాడు. పీచు తీయని కొబ్బరికాయను పెట్టండి. ఆ పీచు వెంట్రుకలంత సన్నం, పైగా కాయ గుండ్రన కాబట్టి ఫోకస్ ఎక్కడ పడిందో ఇట్టే తెలుస్తుంది. దూరం 1.2 మీటర్లు. వెనుక నాలుగు మీటర్ల అవతల సీరియల్ బల్బుల దండ వేలాడదీయండి.

ఒక్కో ఎపర్చరు దగ్గర రెండు లెన్సులకూ వైట్ బ్యాలెన్సు, ఎక్స్‌పోజరు, కెమెరా పదును సెట్టింగు మూడూ ఒకటే ఉండాలి. టైమరుతో 2.5, 4, 5.6, 8 దగ్గర తీయండి. తెరపై పెద్దది చేసి చూస్తూ ప్రతి ఎపర్చరుకూ ఫోకస్ మళ్లీ సరిచేయండి. ఎపర్చరు మూసేకొద్దీ ఫోకస్ కొంచెం జరిగే లెన్సులున్నాయి. ఇదే వరుసను దూరపు నీళ్ల ట్యాంకు మీద మళ్లీ నడపండి. చివరగా ఫ్రేము మూలకు దీపం తెచ్చి ఒక ఫొటో తీయండి. కోటింగుల తేడా బయటపడేది అప్పుడే.

ఫైళ్ల పేర్లను ఇంట్లో వాళ్లతో మార్పించండి. ఏది ఏ లెన్సుదో మీకు తెలియకుండా ఊహించి కాగితం మీద రాయండి. నా మొదటి ప్రయత్నంలో కొబ్బరికాయ దగ్గర, ఎఫ్ 2.5లో సరిగ్గా చెప్పాను. ట్యాంకు ఫొటోల్లో, ఎఫ్ 5.6 దాటాక, కాగితం నిండా తప్పులే.

వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర ఉంచుకోండి. ఫొటోల వెనుక మసకగా పడిన బల్బుల మచ్చల అంచులు చదవడం దానితోనే మొదలుపెడతాం.