ఇల్లు కిరాయికిచ్చే ముందు: హైదరాబాద్ ఓనర్లకు ఒక దస్తావేజు లేఖరి మాట

కూకట్‌పల్లిలో దస్తావేజులు రాయడం నా వృత్తి. సేల్ డీడ్‌లు, గిఫ్ట్ డీడ్‌లు, వాటి మధ్యలో కిరాయి అగ్రిమెంట్లు. ఇల్లు కిరాయికిచ్చే ఓనర్లు వచ్చీ రాగానే అడిగేది దాదాపు ఒకటే: "పదకొండు నెలలకు రాసెయ్యండి సార్, వంద రూపాయల స్టాంపు చాలు కదా?" నేను అడిగేవి వేరే. బిల్డింగు పర్మిషన్ ఎన్ని అంతస్తులకుంది? కరెంటు మీటరు ఎవరి పేరు మీదుంది? కిరాయి లెక్క ఇన్‌కమ్ టాక్స్‌లో చూపిస్తున్నారా? ఇల్లు నాది, నేనిచ్చుకుంటున్నా, ఇన్ని ప్రశ్నలెందుకని కొందరికి చిరాకు. తాళంచెవి చేతిలో పెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో ఉండే హక్కు కిరాయిదారుది. "ఇల్లు నాది" అన్న మాట పన్నుల దగ్గర, ప్రమాదాల దగ్గర మాత్రం పూర్తిగా ఓనరుకే మిగులుతుంది. ఆ తర్వాత పనికొచ్చేవి అప్పటికే కాగితం మీదున్నవే.

పదకొండు నెలల అగ్రిమెంటు ఎంతవరకు పనికొస్తుంది

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది మించిన లీజులను తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. దాన్ని తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలల అలవాటు పట్టుకుంది. మన దగ్గర చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనే ఆ సెక్షన్‌ను సవరించి, "ఏడాది మించిన" అన్న పరిమితిని తీసేశారు. రాష్ట్రం విడిపోయినా ఆ సవరణ పోలేదు. అంటే రాతపూర్వకంగా లీజు రాసుకుంటే, అది పదకొండు నెలలకైనా సరే, ఇక్కడ రిజిస్టర్ చేయాల్సిందే.

చేయకపోతే ఎవరూ వచ్చి పట్టుకెళ్లరు. లక్షల కాపురాలు నోటరీ కాగితాల మీదే నడుస్తున్నాయి. చిక్కు గొడవ వచ్చినప్పుడు మొదలవుతుంది. రిజిస్టర్ కాని లీజును అందులోని షరతులకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. స్టాంపు తక్కువైతే 1899 స్టాంపు చట్టం కింద లోటు సుంకం, దాని మీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టేవరకు కాగితాన్ని పక్కన పెట్టేస్తుంది. ఏటా కిరాయి ఇంత పెంచాలని, ఆరు నెలల లోపు ఖాళీ చేయకూడదని మీరు ముచ్చటపడి రాయించుకున్న షరతులన్నీ అప్పుడు గాలికి పోతాయి. మిగిలేది నెలనెలా నడిచే మామూలు కిరాయి సంబంధం ఒక్కటే. నోటరీ ముద్ర మీ సంతకం మీదేనని చెబుతుంది తప్ప రిజిస్ట్రేషన్ లోటును తీర్చదు.

అందుకే నా దగ్గరికొచ్చేవాళ్లకు నేను చెప్పేది: కిరాయి పెద్దదైతే, రెండు మూడేళ్లు ఉంచే ఉద్దేశం ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రిజిస్టర్ చేయించండి. స్టాంపు ఖర్చు ఎవరిదో విడిగా మాట్లాడుకోకపోతే చట్టప్రకారం అది కిరాయిదారుదే. ఈ ముక్క చెబితే ఓనర్ల ముఖాలు కాస్త వెలుగుతాయి.

అగ్రిమెంటులో ఏం ఉండాలి? కిరాయి, అడ్వాన్స్, తేదీలు అందరూ రాస్తారు. మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, చిన్న రిపేర్లు ఎవరివి, పెద్దవి ఎవరివి, పార్కింగ్ ఎక్కడ, రంగుల ఖర్చు అడ్వాన్స్‌లో తగ్గిస్తారా లేదా అన్నవి మాత్రం వదిలేస్తారు. గొడవలన్నీ పుట్టేది అక్కడే. ఇంట్లో ఏమేం ఇస్తున్నారో, ఫ్యాన్లు, గీజర్, కిచెన్ చిమ్నీ, తాళంచెవులు ఎన్నో, ఒక జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తాళం ఇచ్చే రోజు ఫోన్‌తో ప్రతి గదికీ వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగ్ కూడా అందులో పడాలి.

మీ ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుంది

కిరాయి అనగానే అందరూ "రెంట్ కంట్రోల్" అంటారు. 1960 నాటి ఆ చట్టం ఇప్పటికీ ఉంది. కానీ 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు అది వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో ఆ లోపు దొరికేవి పాత బస్తీల్లో ఎప్పుడో ఇచ్చిన ఇళ్లే. కాబట్టి మీకు వర్తించేది దాదాపుగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా కిరాయి చట్టంలో అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదని ఉంది. పేరుకు తగ్గట్టే అది నమూనా. రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటే తప్ప ఇక్కడ దాన్ని చూపించి వాదించలేరు.

ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్‌ను ప్రతి ఓనరూ ఒకసారి చదవాలి. పైకి కనిపించని పెద్ద లోపం ఏదైనా ఇంట్లో ఉండి, మీకు తెలిసి ఉంటే, ముందే చెప్పాలి. కిరాయి సక్రమంగా కడుతున్నంతకాలం మనిషిని ప్రశాంతంగా ఉండనివ్వాలి. మీరు చేయాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాదు. మూడేళ్లు కాపురం ఉన్న ఇంట్లో గోడ రంగు వెలిస్తే అది అరుగుదలే. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఓనర్లకు నచ్చదు.

బిల్డింగు, మీటరు

మామూలు కుటుంబానికి పోర్షన్ ఇవ్వడానికి మన నగరంలో లైసెన్సంటూ ఏదీ లేదు. కానీ బిల్డింగు సక్రమంగా ఉండాలి. పర్మిషన్ మూడు అంతస్తులకు తీసుకుని పైన రేకులో స్లాబో వేసి "పెంట్‌హౌస్" అని టులెట్ బోర్డు పెట్టడం, స్టిల్ట్‌లో పార్కింగ్ కోసం వదిలిన చోట గోడలు లేపి గదులు చేయడం గల్లీకొకటి కనిపిస్తుంది. 2012 నాటి జీవో 168లోని బిల్డింగు నియమాల ప్రకారం పార్కింగ్ చోటును మరో పనికి వాడకూడదు. ఆస్తి పన్ను కట్టించుకున్నారు కదా అని కొందరు ధీమాగా ఉంటారు. పన్ను కట్టినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం అయిపోదు. నోటీసు వచ్చి కూల్చే పరిస్థితి వస్తే, అడ్వాన్స్ తీసుకున్న మీరు ఆ కిరాయిదారుకు కూడా జవాబు చెప్పాల్సి ఉంటుంది. 18 మీటర్లు, అంతకు మించిన నివాస భవనమైతే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉందో లేదో చూడండి. ఫ్లాట్ ఓనరైనా సరే, అసోసియేషన్‌ను అడగండి.

కరెంటు మీటరు సాధారణంగా ఓనరు పేరు మీదే ఉంటుంది, కాబట్టి దాంతో వచ్చే తలనొప్పి కూడా ఓనరుదే. ఇంటి కేటగిరీ కనెక్షన్ మీద కిరాయిదారు బ్యూటీ పార్లరో బొటిక్కో నడిపితే అది 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. బిల్లు ఆ పనికి వర్తించే రేటుకు రెట్టింపు లెక్కన వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్క కడతారు. అందుకే "నివాసానికి మాత్రమే" అన్న వాక్యం అగ్రిమెంటులో ఉండి తీరాలి, మీరూ అప్పుడప్పుడు గమనిస్తూ ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు అర్హత ఉన్న కిరాయిదారుకు కూడా వస్తుంది. అలా జీరో వచ్చిన నెలలో కూడా యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే ఓనర్లున్నారు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తీసుకోని డబ్బు మీరు తీసుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఎవరికి ఇస్తున్నారు

ఆధార్ కాపీ, ఫొటో, పనిచేసే చోటు వివరాలు తీసుకుని పోలీస్ స్టేషన్‌లో కిరాయిదారు వివరాల ఫారం ఇవ్వండి. కమిషనర్ ఉత్తర్వు అమలులో ఉన్నప్పుడు అది ఇవ్వకపోవడం భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కింద నేరం కూడా అవుతుంది. ఆధార్ పూర్తి నంబరు ఉన్న కాపీ అవసరం లేదు, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు. ఇచ్చిన ఫారానికి రసీదు ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. విదేశీయులకు ఇస్తే, చుట్టం విద్యార్థే అయినా, వాళ్లు దిగిన 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి.

ఎవరికి ఇవ్వాలన్నది మీ ఇష్టమే కానీ దానికీ హద్దులున్నాయి. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఇల్లు ఇవ్వననడాన్ని 2019 చట్టం నిషేధించింది. హెచ్‌ఐవీ ఉందని నిరాకరించడాన్ని 2017 చట్టం నిషేధించింది.

హాస్టల్ అయితే కథ వేరు

ఐటీ ఆఫీసుల పుణ్యమా అని ఇళ్లను పీజీ హాస్టళ్లుగా మార్చేవాళ్లు పెరిగారు. హాస్టల్ వ్యాపారం. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు కావాలి, భోజనం పెడితే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కింద అనుమతి కావాలి. జీఎస్టీలో 2024 జులై నుంచి ఒక మినహాయింపు ఉంది: మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు తీసుకుంటూ, కనీసం 90 రోజులు వరుసగా ఉండేవాళ్లకు ఇస్తే పన్ను లేదు. బిల్డింగు మొత్తం ఎవరికో లీజుకిచ్చి "హాస్టల్ వాడిది, నాకేం సంబంధం" అనుకోవద్దు. బిల్డింగు మీద నోటీసు మొదట అంటించేది మీ పేరుకే. లైసెన్సు కాపీ ఏటా మీకు ఇవ్వాలని లీజులోనే రాయండి.

పన్నులు

ఆస్తి పన్ను ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కడితే జీహెచ్‌ఎంసీ 5 శాతం రాయితీ ఇస్తూ వస్తోంది. ఆ రసీదు ఇన్‌కమ్ టాక్స్‌కూ పనికొస్తుంది. నెలకు 25,000 చొప్పున ఏడాదికి 3,00,000 కిరాయి వచ్చిందనుకోండి. మీరు కట్టిన ఆస్తి పన్ను 8,000 తీసేస్తే 2,92,000. అందులో 30 శాతం, అంటే 87,600, మీరు రిపేరు చేయించినా చేయించకపోయినా తగ్గిస్తారు. మిగిలిన 2,04,400 మీ ఆదాయంలో కలుస్తుంది. రంగులకు, ప్లంబర్‌కు పెట్టిన ఖర్చు విడిగా చూపే వీలు లేదు.

కిరాయి నెలకు 50,000 దాటితే కిరాయిదారు 2 శాతం టీడీఎస్ (ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ పరిమితి లెక్కలోకి రాదు, చిన్న కిరాయికీ టీడీఎస్ పట్టాల్సిందే, అదీ 30 శాతం, పైన సెస్సు. అమెరికాలో ఉండే కొడుకు ఫ్లాటుకు తండ్రి కిరాయి తీసుకుంటున్న ఇళ్లలో ఇది ఎవరికీ గుర్తుండదు. ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం ఏడాదికి లక్ష దాటిన కిరాయి చూపిస్తే మీ పాన్ అడుగుతాడు. ఇవ్వనని దాచినా లాభం లేదు. కిరాయి, అడ్వాన్స్ రెండూ బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఖాళీ చేయించడం

కిరాయి కట్టడం లేదని నీళ్లు ఆపడం, ఫ్యూజు పీకడం, ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం చేయకండి. కోర్టు ప్రమేయం లేకుండా బయటికి పంపితే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఆ మనిషి తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

దారి ఇది. నెలనెలా నడిచే కిరాయికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు, అది కూడా సంతకంతో, స్పీడ్ పోస్టులో. వాట్సాప్ మెసేజ్‌ను మాత్రమే నమ్ముకోకండి. కదలకపోతే సివిల్ కోర్టులో దావా. ఇంకో మెలిక ఉంది: గడువు ముగిశాక కూడా కొత్త కాగితం లేకుండా కిరాయి తీసుకుంటూ పోతే, పాత గడువు పోయి నెలవారీ కిరాయిగా మారుతుంది, మళ్లీ నోటీసు దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. గడువుకు నెల ముందే పొడిగించాలో ఖాళీ చేయించాలో తేల్చుకుని రాయించుకోండి.

ఖాళీ చేసే రోజు మొదట తీసిన వీడియో పక్కన పెట్టుకుని గదులు చూడండి. కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ బాకీలు లెక్కగట్టి, తగ్గించినదాన్ని దేనికెంతో రాసి, మిగిలిన అడ్వాన్స్ అదే రోజు బ్యాంకులో వేయండి. "ఇల్లు స్వాధీనం చేశాను, అడ్వాన్స్ ముట్టింది, బాకీ లేదు" అని తేదీతో కిరాయిదారు సంతకం తీసుకుని, ఆధార్ కాపీని వెనక్కి ఇచ్చేయండి.