సెన్సరీ ఇబ్బందులున్న పిల్లలు బరువు పెరగకపోతే: సమస్య – పరిష్కారం

కొందరు పిల్లలకు అన్నంలో ఒక్క ఆవగింజ తగిలినా ముద్ద మొత్తం బయటికి వచ్చేస్తుంది. పోపు వాసన వస్తే చాలు, వంటింటి దరిదాపులకు రారు. ఇది పేచీ కాదు, గారాబం వల్ల వచ్చిందీ కాదు. నోటికి తగిలే స్పర్శను, ముక్కుకు సోకే వాసనను వారి మెదడు మనకంటే చాలా ఎక్కువగానో చాలా తక్కువగానో గ్రహించడం వల్ల కలిగే ఇబ్బంది, దీన్నే సెన్సరీ ఇబ్బంది అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, ఏ రోగనిర్ధారణా లేని పిల్లల్లోనూ ఉంటుంది.

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో బరువు పెంచడం ఒక పని, కొత్త ఆహారం అలవాటు చేయడం మరొక పని. రెండింటినీ ఒకే కంచంలో, ఒకే పూట చేయబోతే రెండూ చెడతాయి. బిడ్డ ఇప్పుడు ఇష్టంగా తింటున్న నాలుగైదు పదార్థాలతోనే ముందు బరువు పెంచాలి. కొత్తవాటి పరిచయం వేరే సమయంలో, కడుపు నింపవలసిన తొందర లేనప్పుడు జరగాలి. ఇక్కడ రాసినవన్నీ రెండేళ్ళు దాటిన పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మొదట తేల్చుకోవలసింది: బరువు నిజంగా తక్కువేనా?

పక్కింటి పిల్లవాడితో పోల్చి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, గ్రోత్ చార్టులో, అంటే వయసుకు తగ్గ బరువును, ఎత్తును గీతలుగా చూపే పటంలో చూస్తేనే దొరుకుతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన చార్టులను, ఐదేళ్ళు దాటినవారికి భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో సవరించిన చార్టులను మన డాక్టర్లు వాడుతున్నారు. రెండేళ్ళ తరువాత పిల్లలు ఏడాదికి సుమారు 2 నుంచి 3 కిలోలు మాత్రమే పెరుగుతారు, అంటే నెలకు 200 గ్రాముల చిల్లర. వారం వారం తూచి బెంగపడడంలో అర్థం లేదు. నెలకొకసారి, అదే కాటా మీద, అదే వేళకు, పలుచని బట్టలతో తూచి రాసిపెట్టుకుంటే చాలు. బిడ్డ సన్నగా ఉన్నా తన గీత వెంట తాను పెరుగుతూ ఉంటే సాధారణంగా భయపడనక్కరలేదు. మూడు నెలలపాటు బరువు కదలకపోయినా, చార్టులో గీతలు దాటి కిందికి జారుతున్నా అది సమస్యే.

ఐదేళ్ళలోపు పిల్లలకు అంగన్వాడీలో జబ్బకు టేపు చుట్టి కొలుస్తారు. ఆ కొలత 11.5 సెంటీమీటర్లకంటే తక్కువ ఉంటే, అంటే టేపు ఎరుపు రంగు చూపిస్తే, ఇంట్లో ప్రయత్నాలు చేస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వాసుపత్రుల్లో పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి.

తిండి మానడానికి సెన్సరీ ఇబ్బంది ఒక్కటే కారణమని ముందే నిశ్చయించుకోవడం కూడా ప్రమాదమే. మలబద్ధకం ఉన్న బిడ్డకు ఆకలి వేయదు. పిప్పిపన్ను నొప్పిని మాటలు రాని బిడ్డ చెప్పలేదు, నమలడం మానేసి ఊరుకుంటుంది. రక్తహీనత, నులిపురుగులు, వాచిన టాన్సిల్స్, పులితేన్పులు, థైరాయిడ్, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండడం, వీటన్నింటినీ డాక్టరు చూసి తోసిపుచ్చిన తరువాతే మిగతా మాట. మింగేటప్పుడు దగ్గు, పొలమారడం తరచుగా ఉంటే అది మింగడంలోనే లోపం కావచ్చు కనుక మరీ ఆలస్యం చేయకూడదు.

సమస్య: తింటూనే ఉన్నాడు, బరువు మాత్రం పెరగడం లేదు

కారణం చాలా ఇళ్ళలో ఒకటే. ఈ పిల్లలు ఒప్పుకునే పదార్థాలు, అంటే చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ వంటివి, మెత్తగా, తెల్లగా, ఒకే తీరుగా ఉంటాయి. వాటిలో నీరే ఎక్కువ, శక్తి తక్కువ. చిన్న పొట్ట వాటితో త్వరగా నిండిపోతుంది.

దీనికి పరిష్కారం పరిమాణం పెంచడం కాదు, అదే ముద్దలో శక్తిని పెంచడం. ఒక చిన్న చెంచా నెయ్యిలో సుమారు 45 కేలరీలు ఉంటాయి. మూడు పూటలా ఒక్కో చెంచా కలిస్తే 135. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం ఉంటే ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉంటుంది. రోజుకు 400 మిల్లీలీటర్ల పాలు, పెరుగు తీసుకునే బిడ్డకు ఆ ప్యాకెట్టు మార్చినందువల్లనే సుమారు 110 కేలరీలు అదనంగా అందుతాయి. ఒక పెద్ద చెంచా మెత్తని పల్లీల పొడి మరో 55 కేలరీలు ఇస్తుంది, మాంసకృత్తులూ ఇస్తుంది. మొత్తం కలిపితే రోజుకు 300 కేలరీలు, అదీ ఒక్క ముద్ద అదనంగా పెట్టకుండా. ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే మాత్రం పల్లీలు, నువ్వుల విషయంలో ముందు డాక్టరును అడగాలి.

ఈ పిల్లల దగ్గర అసలు కష్టం లెక్కలో లేదు, కలపడంలో ఉంది. వేడి అన్నంలో నెయ్యి కనిపించకుండా కలిసిపోతుంది, కానీ బిడ్డ అరగంట సేపు తింటూ కూర్చుంటే అన్నం చల్లారి, నెయ్యి పేరుకుని అంగిలికి అంటుకుంటుంది. మొదటి నాలుగు ముద్దలు తిని ఐదో ముద్దకు మొహం తిప్పేయడానికి ఇది కారణం కావచ్చు. అలాంటప్పుడు నెయ్యికి బదులు చల్లారినా గట్టిపడని నువ్వుల నూనెగాని, వేరుశెనగ నూనెగాని కలపాలి, లేదా వేడి అన్నం కొంచెం కొంచెంగా వడ్డించాలి. పల్లీల పొడిని జల్లించి, పొట్టు పలుకులు లేకుండా చూసుకోవాలి. పెరుగుకు పాలు కాచేటప్పుడే ఒక చెంచా పాలపొడి కలిపి తోడు వేస్తే పెరుగు గట్టిగా, రంగు మారకుండా వస్తుంది. పెరుగన్నం తప్ప మరేదీ తినని బిడ్డకు ఇది మంచి దారి.

ఏది కలిపినా పావు చెంచాతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకొకసారి కొంచెం పెంచాలి. బిడ్డకు తెలియకుండా, మోసపుచ్చినట్టు కలపడాన్ని నేను సమర్థించను. నాకు తెలిసిన ఒక నాలుగేళ్ళ పాపకు పెరుగన్నమే ప్రాణం. అందులో ఒకరోజు క్యారెట్ ముద్ద కలిపారు. ఆ పాప రంగు చూసి గిన్నె పక్కకు తోసింది, ఆ తరువాత కొన్ని వారాలపాటు తెల్లని పెరుగన్నం పెట్టినా ముట్టలేదు. ఉన్న ఆహారం మీద నమ్మకం పోతే బరువు పెరగడం మాట అటుంచి ఉన్నది తగ్గుతుంది. అందుకే బిడ్డ చూస్తుండగానే కలపాలి, వీలైతే ఆ చెంచా బిడ్డ చేతికే ఇచ్చి కలిపించాలి, ఏమీ కలపని అన్నం కొంచెం పక్కన ఉంచాలి.

అంగన్వాడీలో మూడేళ్ళలోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం కూడా శక్తి ఎక్కువగా ఉన్న పొడే. జావగా వద్దన్న బిడ్డ చిన్న ఉండగా చేసి ఇస్తే తినవచ్చు. ప్రకటనల్లో కనిపించే డబ్బా పొడుల్లో చాలావాటిలో చక్కెర ఎక్కువ, వాటి మీద ఆధారపడవద్దు. డాక్టరు లెక్క చూసి రాసిచ్చే పోషకాహార పొడుల సంగతి వేరు.

సమస్య: ముద్దలో ఏది తగిలినా ఓకరింత వస్తుంది

మెత్తని దానిలో గట్టిది కలిసి రావడం ఈ పిల్లలకు అన్నింటికన్నా కష్టం. ఉప్మాలో శెనగపప్పు, పులిహోరలో పల్లీ, పప్పులో టమాటా తొక్క నాలుకకు ఊహించని దెబ్బలా తగులుతాయి. మనకు రుచినిచ్చే పోపే వారికి శత్రువు. ఓకరింత బిడ్డ చేతిలో లేని పని కనుక దానికి తిట్టడం వల్ల ఉపయోగం లేదు. తిట్టిన ప్రతిసారీ ఆ పదార్థం భయంతో ముడిపడిపోతుంది.

పోపును నూనెలో వేయించి, గింజలు వడకట్టి, ఆ నూనెను మాత్రం పప్పులో కలపవచ్చు. అన్నం, పప్పు, కూర కలిపి పెట్టకుండా వేర్వేరు గిన్నెల్లో, ఒకదానికొకటి తగలకుండా ఉంచాలి. కిచిడీ అయితే పూర్తిగా ఒకే తీరుగా ఉడకాలి, సగం మెత్తగా సగం పలుకుగా ఉండకూడదు. అలాగని ఏళ్ళ తరబడి మిక్సీలో వేసి పట్టకూడదు, నమలడం నేర్చుకునే వయసు దాటిపోతుంది. ఒకే తీరు ఆహారం నిలకడగా తింటున్న బిడ్డకు ఆక్యుపేషనల్ థెరపిస్టుగాని (తినడం వంటి రోజువారీ పనుల్లో శిక్షణ ఇచ్చే నిపుణులు), స్పీచ్ థెరపిస్టుగాని చూస్తూ ఉండగా మెల్లగా గరుకుతనం పెంచాలి.

సమస్య: కరకరలాడేవి తప్ప మరేవీ తినడు

బిస్కెట్టు, చిప్స్, జంతిక, అప్పడం. ప్రతి చిప్స్ ముక్కా ముందటి ముక్కలాగే ఉంటుంది, ఆ నిలకడే బిడ్డకు భద్రత. నోటిలో స్పర్శ తక్కువగా తెలిసే పిల్లలకైతే గట్టిగా నమిలినప్పుడే ఏదో తింటున్నట్టు తెలుస్తుంది. వీరిలో కొందరు కారం, పులుపు కూడా ఎక్కువగా కోరుకుంటారు.

కరకరను మాన్పించవద్దు, దానిలోనే బలం ఉన్నవి వెతకాలి. నెయ్యితో ఎర్రగా కాల్చిన పెసరట్టు, నువ్వులు దంచి పిండిలో కలిపిన జంతికలు, శెనగపప్పు లేకుండా చేసిన చెక్కలు, నెయ్యిలో వేయించిన తామరగింజలు (మఖానా) ఇలాంటివే. ఒక పదార్థం నుంచి మరొకదానికి వెళ్ళేటప్పుడు ఒక్క గుణమే మారాలి: కొన్న జంతిక నుంచి అదే ఆకారంలో ఇంటి జంతిక, దాని నుంచి కొంచెం లావు జంతిక, ఆ తరువాత పిండి మార్పు. నాలుగేళ్ళలోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. తామరగింజలను కూడా చిన్న పిల్లలకు పొడిచేసే ఇవ్వాలి.

సమస్య: రోజంతా పాలే తాగుతాడు, అన్నం ముట్టడు

పాలు నమలనక్కరలేదు, ఎప్పుడూ ఒకే రుచిలో ఉంటాయి. కానీ రోజుకు అర లీటరు దాటితే ఆకలి చస్తుంది, ఇనుము తగ్గుతుంది. ఇనుము తగ్గితే ఆకలి మరింత పోతుంది. ముందు రక్తపరీక్ష చేయించి, అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ వాడాలి. పాలను ఒక్కసారిగా ఆపకుండా, వారానికి కొంత చొప్పున తగ్గించి, భోజనానికి ముందు కాక తరువాత ఇవ్వాలి. రాత్రి సీసా మాన్పించడం అన్నింటికంటే ముఖ్యం, పళ్ళకు కూడా అదే మంచిది.

సమస్య: ఆకలి అని ఎప్పుడూ అడగదు

కొందరు పిల్లలకు కడుపు చేసే సైగ అందదు. దీనికి తోడు ఇంట్లో గంటకొకసారి ఎవరో ఒకరు నోట్లో ఏదో పెడుతూ ఉంటే ఆకలి పుట్టే వ్యవధే ఉండదు. రోజుకు మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిళ్ళు, మధ్యలో రెండున్నర మూడు గంటల ఎడం, ఆ ఎడంలో మంచినీళ్ళు మాత్రమే. ఒక్కో పూట అరగంట మించకూడదు. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి, ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేయాలి. ప్రతి పూటా బిడ్డ తప్పక తినే పదార్థం ఒకటైనా కంచంలో ఉండాలి. ‘ఆకలేస్తే వాడే తింటాడు’ అని ఇష్టమైనవన్నీ తీసేయడం ఈ పిల్లల దగ్గర పనిచేయదు, వీరు నిజంగానే పస్తులుంటారు.

సమస్య: ఫోను ఉంటేనే తింటాడు, లేకపోతే పరుగెత్తుతాడు

ముందుగా బిడ్డ కాళ్ళ వైపు చూడాలి. పెద్దల కుర్చీలో కాళ్ళు గాలిలో వేలాడుతుంటే శరీరానికి నిలకడ ఉండదు, ఆ బిడ్డ కదలకుండా ఉండలేడు. పాదాల కింద పీట వేయాలి, లేదా గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చోబెట్టాలి. భోజనానికి ముందు పది నిమిషాలు దుప్పట్లు మోయడం, గోడను తొయ్యడం వంటి బరువు పనులు చేయిస్తే కొందరు పిల్లలు నెమ్మదిస్తారు. పోపు వేసే వేళకు, బిడ్డ తినే వేళకు మధ్య కొంత వ్యవధి ఉంచాలి. వేడి అన్నంకంటే గోరువెచ్చని అన్నం వాసన తక్కువ. ఫోను చూస్తూ తినే బిడ్డ ఏమి మింగుతున్నదీ గమనించదు కనుక ఏ పదార్థమూ అలవాటు కాదు. దాన్ని బరువు నిలబడిన తరువాత, రోజుకు ఒక్క పూటతో మొదలుపెట్టి మాన్పించాలి.

బలవంతంగా నోట్లో కుక్కడం గురించి ఒక్క మాట. అమ్మమ్మలు, నానమ్మలు దాన్ని ప్రేమతోనే చేస్తారు, బిడ్డ బక్కచిక్కిపోతుంటే చూడలేక చేస్తారు. వారిని తప్పుపట్టి దూరం చేయకుండా, పల్లీల పొడి జల్లించడం, జంతికలు చేయడం వంటి పనులు వారికే అప్పగించడం మేలు.

సమస్య: నిన్నటిదాకా తిన్నది ఈరోజు వద్దంటున్నాడు

రోజూ అదే పెడితే మొహం మొత్తుతుంది. బ్రాండు మారినా, ప్యాకెట్టు రంగు మారినా, బియ్యం కొత్తవైనా బిడ్డ పసిగడుతుంది. ఇష్టమైన పదార్థాన్ని రోజు విడిచి రోజు పెట్టడం ముందు జాగ్రత్త. మానేసినదాన్ని కొంతకాలం పక్కనపెట్టి, మళ్ళీ చిన్న మోతాదులో చూపించాలి. ఒకేసారి రెండు మూడు పదార్థాలు మానేస్తే పళ్ళు, గొంతు చూపించాలి.

సమస్య: పాలు, గోధుమలు మాన్పించిన తరువాత బరువు తగ్గింది

ఆటిజం ఉన్న పిల్లలకు ఇవి మాన్పించాలన్న సలహా మన దగ్గర బాగా వినబడుతోంది. దానివల్ల ఆటిజం లక్షణాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు. బిడ్డ తినేవే ఐదు పదార్థాలైతే, వాటిలో పెరుగు, బిస్కెట్టు, చపాతీ తీసేశాక మిగిలేదేమిటి? గోధుమలు పడని సీలియాక్ జబ్బో, పాల అలర్జీయో పరీక్షలో తేలితేనే, అదీ డైటీషియన్ పర్యవేక్షణలోనే మాన్పించాలి. అతిచురుకుదనం (ఏడీహెచ్‌డీ) అదుపునకు వాడే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు కూడా ఆకలిని తగ్గిస్తాయి. మాత్రకు ముందే కడుపునిండా టిఫిను పెట్టి, మందు ప్రభావం తగ్గే సాయంత్రం వేళ మరో భోజనం ఏర్పాటు చేయాలి. మందును సొంతంగా ఆపకూడదు.

ఇవన్నీ చేసినా కదలిక లేకపోతే

రెండు మూడు నెలలు గడిచినా కాటా కదలకపోతే శిశువైద్యుడు, డైటీషియన్, థెరపిస్టు ముగ్గురూ కలిసి చూడవలసిన స్థితి అది. పండ్లు, కూరలు అసలే తినని బిడ్డ కాళ్ళ నొప్పితో నడవడం మానేసినా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా విటమిన్ సి లోపం కావచ్చు. మసక వెలుతురులో తడుముకుంటుంటే విటమిన్ ఎ లోపం కావచ్చు. వీటికి రెండు మూడు నెలలు ఆగనక్కరలేదు, ఆ వారమే చూపించాలి. ఖర్చుకు వెనుకాడేవారు జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాలను అడగవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ వరకు అక్కడ ఉచితంగా చూస్తారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ (NIEPID)లో థెరపిస్టులు ఉన్నారు. వెళ్ళేటప్పుడు మూడు రోజులపాటు బిడ్డ ఏ వేళకు ఏమి, ఎంత తిన్నదో, ఏ ముద్ద దగ్గర ఆగిందో రాసి తీసుకువెళ్ళాలి. బిడ్డ తినే పదార్థాల్లో ఒకటి, వద్దనే పదార్థాల్లో ఒకటి డబ్బాలో పెట్టుకుని వెళితే, థెరపిస్టు బిడ్డ తినే తీరును అక్కడికక్కడే చూడగలుగుతారు.