సజీవమా, నిర్జీవమా: ఇంట్లోనే పరీక్షించి తేల్చుకునే పద్ధతి

ఆరో తరగతి పిల్లవాణ్ణి సజీవుల లక్షణాలు చెప్పమంటే కదులుతాయి, తింటాయి, ఊపిరి పీలుస్తాయి, పెరుగుతాయి, విసర్జిస్తాయి, స్పందిస్తాయి, తమవంటి వాటిని పుట్టిస్తాయి అని ఏడింటినీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అదే పిల్లవాడి దోసిట్లో గుప్పెడు వడ్లు పోసి వీటికి ప్రాణం ఉందా అని అడిగితే మాత్రం తడబడతాడు. వడ్లు కదలవు, తినవు, నెలల తరబడి గాదెలో ఉన్నా ఒక్క గింజయినా పెరగదు. జాబితాలో తప్పేమీ లేదు, దాన్ని ఎలా వాడాలో మనం నేర్పడం లేదు, అంతే. వాడే పద్ధతికి రెండు నియమాలు చాలు. ఏ లక్షణాన్నీ ఒంటరి సాక్ష్యంగా ఒప్పుకోకూడదు. ఏ లక్షణాన్ని పరీక్షించినా, ప్రాణం లేదని ముందే తెలిసిన జోడీని పక్కన పెట్టి పోల్చాలి. కింద చెప్పే పరీక్షలకు వంటింటి సరుకు, కిరాణా కొట్టు సరుకు సరిపోతాయి. ఉపాధ్యాయులు బడిలోనూ, తల్లిదండ్రులు ఇంట్లోనూ పిల్లల చేత చేయించవచ్చు.

ముందుగా మూడు కుప్పలు

వస్తువులను సజీవాలు, నిర్జీవాలు అని రెండు కుప్పలుగా విడదీయమంటే చెక్క కుర్చీ దగ్గరే వాదన మొదలవుతుంది. కాబట్టి మొదటినుంచే మూడు కుప్పలు పెట్టించాలి: ప్రాణం ఉన్నవి, ఒకప్పుడు ప్రాణం ఉండి ఇప్పుడు లేనివి, ఎన్నడూ ప్రాణం లేనివి. కుర్చీ, నూలు చీర, తోలు చెప్పు, ఎండు కట్టె రెండో కుప్పలోకి వెళ్తాయి. ఉప్పు, గులకరాయి, ఇనుప మేకు, గాజు ముక్క మూడో దానిలోకి. ఈ తేడా ఎందుకు అవసరమో సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో వర్ణించిన కణాలు బెరడు ముక్కలోనివి, అంటే ఖాళీ అయిపోయిన గదుల గోడలు మాత్రమే. కుర్చీ చెక్కను పలచగా కోసి చూసినా అలాంటి గదులు కనిపిస్తాయి. కణాలు కనిపించాయి కనుక ప్రాణం ఉంది అని రాస్తే, ఆ సమాధానం సగమే సరి.

వడ్లను, బియ్యాన్ని పక్కపక్కన పెట్టి చూడడం ఈ విభజనకు మంచి పరీక్ష. రెండింటినీ విడివిడిగా ఒక పగలూ రాత్రీ నానబెట్టి, నీరు వంపేసి, తడి గోనెగుడ్డలో మూటగట్టి వెచ్చని చోట ఉంచాలి. రైతులు నారు పోసే ముందు మండె కట్టడమంటే ఇదే. రెండు మూడు రోజుల్లో వడ్లకు తెల్లని మొన బయటికి వస్తుంది, బియ్యం మాత్రం పులిసి వాసన కొడుతుంది. మరలో పొట్టుతో పాటు గింజ కొనన ఉండే పిండం కూడా రాలిపోతుంది కాబట్టి బియ్యంలో మిగిలేది మొలక కోసం దాచిన ఆహారమే, మొలక కాదు. వడ్లు మొదటి కుప్పలోవి, బియ్యం రెండో కుప్పలోవి. ఇక్కడ అడగవలసిన ప్రశ్న "ఇది ఇప్పుడు ఏం చేస్తోంది" అని కాక, "నీరు, గాలి, వెచ్చదనం ఇస్తే మొదలుపెడుతుందా" అని ఉండాలి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో 1960లలో దొరికిన, దాదాపు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజను 2005లో నాటితే మొలకెత్తింది. అన్ని శతాబ్దాలు అది ఏ లక్షణాన్నీ పైకి చూపించలేదు.

కూరగాయల బుట్ట కూడా ఇదే ప్రశ్న వేస్తుంది. తవ్వి తీసిన బంగాళదుంప వారాల తర్వాత కళ్లు వేస్తుంది, ఉల్లిపాయ ఆకు వేస్తుంది. కోయగానే చచ్చిపోయిందనుకోవడం తొందరపాటు.

కదలికను ఎంతవరకు నమ్మవచ్చు

చిన్న పిల్లలు ముందుగా పట్టుకునే గుర్తు కదలిక. తేలిగ్గా మోసం చేసేదీ అదే. వెడల్పాటి గిన్నెను జిడ్డు లేకుండా కడిగి నీళ్లు పోసి, గోరంత కర్పూరాన్ని నలిపి నాలుగైదు పలుకులు నీటి మీద వేస్తే, అవి ఎవరో తరుముతున్నట్టు గిరగిరా తిరుగుతాయి, ఒకదాన్నొకటి తప్పించుకుంటాయి, అంచుకు తగిలి వెనక్కి మళ్లుతాయి. పేరు చెప్పకుండా చూపిస్తే చాలామంది పిల్లలు పురుగులనే అంటారు. కర్పూరం కొద్దికొద్దిగా నీటి మీద పరుచుకుంటూ ఆ చోట తలతన్యతను, అంటే నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణాన్ని, తగ్గిస్తుంది. తగ్గిన వైపు నుంచి ఎక్కువగా ఉన్న వైపుకు పలుకు లాగబడుతుంది. కొబ్బరినూనె రాసుకున్న వేలి కొనతో నీటిని తాకగానే ఆట మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఇదే సందేహం శాస్త్రవేత్తలకూ వచ్చింది. స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ 1827లో పుప్పొడి నుంచి వచ్చిన సూక్ష్మ రేణువులు నీటిలో ఆగకుండా కంపించడం సూక్ష్మదర్శినిలో చూశాడు. అది జీవశక్తేమోనన్న ఆలోచన దగ్గర ఆగిపోకుండా ఎప్పుడో ఎండిపోయిన మొక్కల పుప్పొడిని, గాజు పొడిని, రాతి పొడిని, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ శిల నుంచి వచ్చిన ముక్క పొడిని కూడా అలాగే నీటిలో వేసి చూశాడు. అన్నీ కంపించాయి. కంపనం ప్రాణానికి గుర్తు కాదని అక్కడే తేలింది. నీటి అణువుల తాకిడే కారణమన్న లెక్కను 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చాడు. పిల్లలకు ఏడు లక్షణాల పట్టిక కన్నా ముందు ఈ కథ చెప్పాలని నా అభిప్రాయం.

అలాగైతే అత్తిపత్తి కదలికకూ కర్పూరం కదలికకూ తేడా ఏమిటి? అత్తిపత్తి ఆకును ముట్టుకుంటే కొన్ని క్షణాల్లో ముడుచుకుని, కొన్ని నిమిషాల తర్వాత తనంతట తాను విచ్చుకుంటుంది. అంటే కదలికకు ఒక కారణం, ఒక ముగింపు, మళ్లీ తొలి స్థితికి రావడం ఉన్నాయి. ఆకు మొదట్లో ఉండే ఉబ్బులోని కణాలు నీటిని వదిలి, తిరిగి నింపుకోవడం వల్ల ఇది జరుగుతుంది. తుంచి ఎండబెట్టిన అత్తిపత్తి కొమ్మను జోడీగా పెట్టి ముట్టుకుంటే ఏమీ జరగదు. ఇంత వేగంగా స్పందించని మొక్కల విషయంలో ఓపిక కావాలి: పెసర మొలకలున్న కుండీని అడ్డంగా పడుకోబెడితే కాండం మళ్లీ పైకి తిరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

శ్వాసను కళ్లతో చూడడం

అన్నింటిలోకి నమ్మకమైనది, కాస్త జాగ్రత్తగా చేయవలసినది శ్వాసక్రియ పరీక్ష. దీనికి సున్నపు తేట కావాలి. తమలపాకుకు రాసే సున్నం ఒక చెంచాడు తీసుకుని సీసాడు నీళ్లలో బాగా కలిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా వదిలేస్తే సున్నం అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిని మెల్లగా మరో సీసాలోకి వంపుకోవాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక ఈ పని పెద్దవాళ్లే చేయాలి. ఆ తేటలో కొద్దిగా గ్లాసులో పోసి స్ట్రాతో మెల్లగా ఊదమంటే, పీల్చకుండా ఊదడమే సుమా, కాసేపటికి నీరు పాలలా మారుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారడమే ఆ తెలుపు.

ఇప్పుడు వెడల్పు మూతి ఉన్న గాజు సీసాలు మూడు తీసుకోవాలి. మొదటి దానిలో నానబెట్టి మొలక తొంగిచూస్తున్న పెసలు, రెండో దానిలో అంతే కొలత పెసలను నానబెట్టి పది నిమిషాలు ఉడికించి పూర్తిగా చల్లార్చినవి, మూడో దానిలో తడి దూది మాత్రమే వేయాలి. మందు కొలిచే చిన్న గిన్నెలు మూడింటిలో సమానంగా సున్నపు తేట పోసి, ప్రతి సీసాలోనూ ఒక గిన్నెను ఒలకకుండా నిలబెట్టి, మూత బిగించి, మూత చుట్టూ టేపు వేయాలి. మర్నాడు చూస్తే మొదటి గిన్నెలో తేట మీద తెల్లని మీగడ లాంటి పొర కట్టి ఉంటుంది. మిగతా రెండూ తేటగానో, సీసాలో మొదటే ఉన్న గాలి వల్ల అతి కొద్దిగా మసకగానో ఉంటాయి. మూడో సీసా ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆ కొద్ది మసకకు గింజలు కారణం కావని చూపించడానికే.

ఈ ప్రయోగాన్ని మర్నాడే చూసి ముగించాలి. మూడు రోజులు వదిలేస్తే ఉడికించిన పెసల సీసాలోని తేట కూడా తెల్లబడుతుంది, మూత తీస్తే కుళ్లు వాసన వస్తుంది. చచ్చిన గింజలు ఊపిరి పీల్చాయని అనుకోనక్కరలేదు. గాలిలోంచి, చేతులనుంచి చేరిన సూక్ష్మజీవులు ఆ ఉడికిన పెసలను తింటూ శ్వాసిస్తున్నాయి. పొరపాటున ఇలా జరిగినా ఆ సీసాను పారేయకుండా ముందు దాని గురించి మాట్లాడించడం మేలు. బియ్యం, మినప్పప్పు రెండూ మొలకెత్తనివే అయినా రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి ఎందుకు పొంగుతుందో పిల్లలు ఆ సీసాతోనే చెప్పగలుగుతారు.

పెరుగుదలలో లోపలిదేది, పైదేది

పటికతో ఒక పోటీ పెట్టవచ్చు. వేడినీళ్లలో ఇక కరగదనేంతవరకు పటిక పొడి కలిపి, చల్లారాక, దారానికి కట్టిన చిన్న పటిక పలుకును అందులో వేలాడదీస్తే కొన్ని రోజుల్లో అది నున్నని ముఖాలతో, పదునైన అంచులతో పెద్దదవుతుంది. పెరగడమే ప్రాణమైతే పటికకూ ప్రాణం ఉన్నట్టే. దాని పక్కనే రెండు సెంటీమీటర్ల వేరు వేసిన శనగ మొలకను తీసుకుని, దాని తడిని గుడ్డతో అద్ది తీసి, సన్నని ఇంకు పెన్నుతో కొన నుంచి పైకి రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో గీతలు గీసి, తడి గుడ్డలో చుట్టి చీకటి డబ్బాలో పెట్టాలి. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ వేళ్ల మీద ఇలాగే గీతలు గీసి పరిశీలించాడు. మర్నాటికి పైగీతలు గీసిన ఎడంలోనే ఉంటాయి, కొనకు కాస్త పైనున్న గీతలు మాత్రం బాగా దూరం జరిగి, ఇంకు సాగి మసకబారి ఉంటుంది. వేరు కొనకు వెనకనున్న ఆ చిన్న భాగంలో కణాలు విభజన చెంది, సాగుతున్నాయి; గింజలో దాచిన పిండిపదార్థం, మాంసకృత్తులు అక్కడ వేరుగా మారుతున్నాయి. పటిక మీద చేరినది మాత్రం నీళ్లలో అప్పటికే ఉన్న పటికే. ఒకటి తిన్నదాన్ని తనగా మార్చుకుని లోపలినుంచి పెరుగుతోంది, మరొకటి పైన పొరలు పేర్చుకుంటోంది.

దీపం ప్రశ్న

తెలివైన పిల్లలున్న ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు దీపం గురించి అడుగుతారు. దీపం నూనె తాగుతుంది, ఆక్సిజన్ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, గాలికి స్పందిస్తుంది, ఒక వత్తి నుంచి మరో వత్తికి అంటుకుని సంఖ్య పెంచుకుంటుంది. సున్నపు తేట పరీక్ష కూడా నెగ్గుతుంది. దానికి కణం లేదు అనడం సరైన జవాబే గానీ, పిల్లలకు అది చాలదు. నువ్వులనూనె దీపం నుంచి కిరోసిన్ వత్తిని వెలిగించి చూపించండి: కొత్త మంట కిరోసిన్ మంటలాగే పొగ వేస్తూ మండుతుంది, తనను వెలిగించిన దీపం పోలిక ఏదీ దానికి రాదు. వేపగింజను నల్లరేగడిలో వేసినా, ఎర్రచెలకలో వేసినా, ఇంటి ముందు కుండీలో వేసినా వేపమొక్కే వస్తుంది. తరం నుంచి తరానికి నమూనా అందించడం, ఆ నమూనాలో అప్పుడప్పుడూ చిన్న మార్పులు రావడం మంటకు లేనివి, జీవులకు ఉన్నవి. నా లెక్కలో ఏడు లక్షణాల్లోకి బలమైనది ఇదే, పాఠాల్లో చివర ఒక్క వాక్యంతో సరిపెట్టేదీ ఇదే.

అయితే పిల్లల్ని కనని జీవి కూడా జీవే. కంచరగాడిదకు సాధారణంగా సంతానం కలగదు; అయినా దాని గాయం మానుతుంది, వెంట్రుకలు పెరుగుతాయి, అంటే లోపలి కణాలు తమవంటి కణాలను పుట్టిస్తూనే ఉన్నాయి. ప్రత్యుత్పత్తిని ఒక్క జంతువులో చూడకుండా దాని కణాల్లోనూ, జాతిలోనూ చూడమనాలి.

తేలని సందర్భాలు

జోడీ పెట్టి పోల్చినా ఒక్క పరీక్ష చాలదని అంగారకుడి మీద కూడా తెలిసింది. 1976లో అక్కడ దిగిన రెండు వైకింగ్ అంతరిక్ష నౌకలు మట్టి మీద రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవం చల్లి, ఏదైనా దాన్ని తిని వాయువు వదులుతుందేమో చూశాయి. వాయువు వచ్చింది. 160 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేసిన జోడీ మట్టి నుంచి రాలేదు. ఇంత చక్కని ఫలితం వచ్చినా, అదే నౌకల్లోని మరో పరికరం మట్టిలో జీవులకు కావలసిన కర్బన పదార్థాలను కనుగొనలేదు. అది మట్టిలోని రసాయనాల పనే కావచ్చని ఎక్కువమంది శాస్త్రవేత్తలు తేల్చారు; తర్వాత 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పెర్‌క్లోరేట్లనే, క్లోరిన్, ఆక్సిజన్ ఉన్న లవణాలను గుర్తించింది. మన పెసల సీసా పక్కన మొలక పరీక్ష, వేరు పరీక్ష కూడా ఉండాలనడం ఇందుకే.

ఇక వైరస్. పొగాకు ఆకు మీద మచ్చలు తెప్పించే మొజాయిక్ తెగులుకు కారణం బ్యాక్టీరియాను ఆపే వడపోతను కూడా దాటిపోతోందని 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ చూపాడు. 1935లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ ఆ వైరస్‌ను స్ఫటికాలుగా మార్చాడు. ఆ కృషికి 1946లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సీసాలో ఉన్నంతసేపు ఆ స్ఫటికాలు ఉప్పులా పడి ఉంటాయి, తినవు, శ్వాసించవు, పెరగవు. పొగాకు ఆకు మీద రుద్దితే మాత్రం ఆకు కణాల యంత్రాంగాన్నే వాడుకుని, తన నమూనా ప్రకారం తన నకళ్లను వేలకువేలు తయారు చేయించుకుంటాయి. జీవులన్నిటినీ ఐదు పెద్ద గుంపులుగా విడదీస్తూ అమెరికా జీవశాస్త్రవేత్త విటాకర్ 1969లో ప్రతిపాదించిన ఐదు రాజ్యాల వర్గీకరణలో వైరస్‌లకు చోటు దొరకలేదు. మూడు కుప్పల్లో దేనిలోనూ ఇమడదని ఎవరైనా పిల్లవాడు విడిగా నాలుగో కుప్ప పెడతానంటే పెట్టనివ్వాలి. దాని పక్కన చీటీ మీద అది ఏ పరీక్ష నెగ్గిందో, ఏది నెగ్గలేదో, ఎవరి కణంలో ఉన్నప్పుడు నెగ్గిందో అతని చేతనే రాయించాలి.